బుధవారం ఆగే పాఠం

ఒహాయోలో నాలుగో తరగతి చదివే స్నేహితురాళ్లిద్దరు బడి బస్సులో ఇంటికి వెళ్తున్నారు. ప్రతి బుధవారం తెలివైన పిల్లల ప్రత్యేక తరగతికి వెళ్లొచ్చే అమ్మాయి ఒళ్లో, తను కట్టిన బుల్లి వంతెన ఉంది. రెండో అమ్మాయి కళ్లన్నీ దానిమీదే.

“ముట్టుకోవే, ఏం కాదు.”

“నాకేం అక్కర్లేదు. ఐస్‌క్రీం పుల్లలేగా! మా తమ్ముడూ అతికిస్తాడు.”

“పోనీలే. నేను లేనప్పుడు మన క్లాసులో డెల్గాడో టీచర్ కొత్తదేమన్నా చెప్పారా?”

“ఎందుకు చెప్తారు? ఆ ప్రత్యేక తరగతికెళ్లే మీరంతా వెనకబడిపోతారని, మీరొచ్చేదాకా కొత్త పాఠం మొదలెట్టకూడదట. నిన్నటి లెక్కలే మళ్లీ చేయించారు.”

“అమ్మయ్య! నాకేం పోలేదన్నమాట.”

“నీకెందుకు పోతుంది?” అంటూ ఆ పిల్ల కిటికీ వైపు తిరిగిపోయింది. “మొన్న జ్వరమొచ్చి నేను వారం రోజులు రాకపోతే, నా కోసం ఒక్క పాఠమైనా ఆపారా?”