సరుగుడు ఎండిన గుంతల్లో

దిల్‌సుఖ్‌నగర్, 1985 వేసవి. మెయిన్ రోడ్డు మీద ప్లాట్లు అమ్మే ఆఫీసు. బల్ల వెనక జనార్ధన్, పక్కన రిటైరైన ఫారెస్టరు మల్లికార్జునరావు. ఎదురుగా, కుర్చీ చూపించినా కూర్చోకుండా నిలబడ్డ ఈరమ్మ. గుమ్మం దగ్గర పనివాడు నర్సింహ.

“ఏలిముద్రే గద ఈరమ్మా అడిగింది. తలకాయ అడిగినట్టు చూస్తవేంది?”

“దేని మీద వెయ్యాల్నో ఇంకోపారి చదువు పటేలా.”

“చదివిన గద.”

“ఇంకోపారి.”

“‘ఎల్‌బీ నగర్ వెనక గుట్ట మీద యాభై ఏడుల సర్కారు పెట్టిన మొక్కలన్నీ కొన్నేండ్లకు ఎండిపోయినవి. ఇప్పుడున్నది దానంతటదే మొలిచిన చెట్టూచేమ. అప్పట్ల నేను ఆడ కూలి చేసిన గనుక నాకు తెలుసు.’ గంతే.”

“అబద్ధం గద.”

“ఏది అబద్ధం? సర్కారు పెట్టింది సరుగుడు. ఎండలేదా? రావు సాబ్, మీరే చెప్పుండ్రి.”

“ఎండిపోయాయండి. అంటే... చాలావరకు.”

“చాలావరకేంది సాబ్? గుట్ట మీద ఒక్క సరుగుడు చెట్టు సూపియ్యమను.”

“లేదు. ఒక్కటీ లేదు.”

“ఇన్నవా? సారే అంటున్నడు.”

“అంటడు. చాయ పోసినవ్, పక్కన కుర్చేసినవ్. అనకుంటే ఎట్ల?”

“నా మీదికెందుకు వస్తావు ఈరమ్మా?”

“మీరాగుండ్రి సాబ్. ఈరమ్మా, సీదా మాట. గుట్ట సర్కారుకు ఇచ్చిననాడు మా నాయిన కాగితం రాయించుకున్నడు. చెట్లు పెంచితే గుట్ట సర్కారుది, పెంచకపోతే మాకు వాపస్. పెంచలే. రేపు పదకొండింటికి ఫారెస్టోళ్ళు తనిఖీకి ఒస్తున్నరు. అప్పటి కూలోళ్ళల్ల బతికున్నది నువ్వొక్కదానివే. నీ ఏలిముద్ర పడితే గుట్ట మొత్తం ప్లాట్లయితది. అండ్ల నూరు గజాలు నీది. సైదాబాద్ల గా కిరాయి కొంపల ఎన్నొద్దులుంటవ్?”

“వాన పడితే కురుస్తది. ఉంటున్న గద.”

“నూరు గజాలు, ఈరమ్మా.”

“గా నూరు గజాలల్ల ఎన్ని చెట్లుంటయో ఎరికేనా?”

“నాకెట్ల ఎరిక?”

“పదకొండు. అటు మూడు గజాలకొకటి, ఇటు మూడు గజాలకొకటి. దానంతటది మొలిసే చెట్టు తాడు పట్టి కొలుసుకొని మొలుస్తదా పటేలా? గుట్టెక్కి సూడు, బడిపిల్లలు లైన్ల నిలవడ్డట్టుంటయి.”

“ఉంటే ఉండనీ. అవి కానుగలు, వేపలు. ఫైల్ల సరుగుడని ఉన్నది. కానుగ ఎవడు పెట్టిండు?”

“నేను.”

“నువ్వా?”

“నేను, తిరుపతమ్మ, రాములమ్మ, అంతయ్య పెండ్లం. నలభై మందిమి. పట్నపోళ్ళు పొయ్యిల కట్టెలకని గుట్టను గొరిగి పెట్టిండ్రు, పుల్ల లేకుండె. సర్కారు ఏం జేసింది? సముద్రమొడ్డున పెరిగే మొక్క తెచ్చి మా రాళ్ళల్ల పెట్టుమన్నది. పెట్టినం. ఎండాకాలానికి అన్నీ మాడిపాయె. చచ్చిన గుంతకు కూలి కోస్తమన్నరు. మలక్‌పేట రోడ్డు పొడుగూతా కానుగ కాయ రాలి ఉండె. ఒళ్ళె నింపుకొచ్చి, వాన పడంగనే అవే గుంతలల్ల గింజలేసినం. ఏప గింజ మా ఊరికెల్లి మూట గట్టుకొచ్చినం.”

“దేశసేవ జేసినవన్నమాట.”

“దేశమెక్కడిది? కూలి కోసం జేసినం. ఆనెక రెండెండాకాలాలు కడవలతోని నీళ్ళు మోసినం సూడు, అదొక్కటి కూలి కోసం గాదు.”

“మరి దేనికి?”

“మొలిసినయి గద.”

“రావు సాబ్, గీ ముచ్చట మీకెరికేనా?”

“అది... పాత సంగతండి. ఇరవై ఎనిమిదేళ్ళు.”

“ఎరికేనా, కాదా?”

“రికార్డులో లేదు.”

“రికార్డులెట్లుంటది సారూ? పెద్దాఫీసరు జీపు ఒస్తుందంటే గుంతల కాళ్ళు వెట్టుక కూసొని ఏడ్సినవ్. కొలువు పాయె ఈరమ్మా, ఇంట్ల ముగ్గురు పిల్లలంటివి. పచ్చగున్నది చాలు, ఏం చెట్టని ఎవ్వరడుగుతరు సారూ అన్న నేను. ఎవ్వరడగలే. నూటికి తొంబై సరుగుళ్ళు బతికినయని రాస్కున్నవ్, శాలువా కప్పిచ్చుకున్నవ్. నేనెవ్వలకన్న చెప్పిన్నా?”

“చెప్పలేదు.”

“ఆనాడు నీ నోటితోని ఉన్నయన్న చెట్లను ఇయ్యాల నా ఏలుతోని లేవనిపిస్తవా?”

“ఆ వరసల్లో ఉన్నవి కానుగలని చూస్తే నాది తప్పుడు రిపోర్టని తేలుతుంది, పెన్షన్ ఆపేస్తారు ఈరమ్మా. ఈ వయసులో నేనెక్కడికి పోను?”

“నాకెవ్వరిచ్చిండ్రు పెన్షన్? నేను బతుకుత లేనా?”

“చాలు. ఇద్దరూ ఆపుండ్రి. ఈరమ్మా, ఆఖరు మాట. వేస్తవా, వెయ్యవా?”

“వెయ్య.”

“సోంచాయించుకో.”

“సోంచాయించేదేముంది? వెయ్య.”

“అట్లయితే గా వరసలే ఉండయి. సాయంత్రానికల్లా బుల్‌డోజర్ ఎక్కిస్త. రేపు ఆఫీసర్లు ఒచ్చేసరికి ఎర్రమట్టే. ఏం చెట్టు, ఎవరు పెట్టిండ్రు, అడిగేటందుకు మొద్దు కూడ మిగలదు.”

“ఎక్కించు. నేను పోయి ముందటి వరసల కూసుంట.”

“ఎట్ల పోతవ్? పని అయ్యేదాంక ఈడనే ఉంటవ్. నర్సింహా, బయటకెల్లి తలుపు గొళ్ళెం పెట్టు.”

“పెట్టు నర్సింహా, గట్టిగ పెట్టు. మీ అమ్మ సోమమ్మ నిన్ను సంకనేసుకొనే గా గుట్ట మీదికి నీళ్ళు మోసింది. ఆమె పెట్టిన వరస పోయేదాంక తియ్యకు.”

“వానితోని నీకేం పని? నువ్వు పెట్టురా. ఆఁ, పడ్డది. ఇగ సాబ్, బుల్‌డోజర్ సాంబమూర్తి మీ ఊరాయనే గద. నేనంటే రేపంటడు, ఎల్లుండంటడు. మీరు ఫోన్ కొట్టుండ్రి. గీ గంటలనే బయలెల్లాలె.”

“నేనా?”

“మీరే. మీ పెన్షన్ కూడ అండ్లనే ఉన్నది, యాది పెట్టుకోండ్రి.”

“ఫోన్ ఇటు జరపండి.”

“సారూ.”

“నువ్వు మాట్లాడకు ఈరమ్మా.”

“సారూ, గా చెట్లు నీ కండ్ల ముందట మొలిసినయి.”

“మాట్లాడకన్నానా? రింగవుతోంది.”

“గట్టిగ చెప్పుండ్రి సాబ్, లైన్ల గోల ఉంటది.”

“హలో, ఫారెస్టు ఆఫీసేనా? యాభై ఏడులో ఎల్‌బీ నగర్ గుట్ట ఫారెస్టర్ని, మల్లికార్జునరావుని మాట్లాడుతున్నాను. తనిఖీ రేపటిదాకా ఆగదు, జీపు ఇప్పుడే గుట్ట మీదికి పంపండి. సరుగుడు బతికిందని అబద్ధం రాసింది నేను, ఆ అడవి పెంచిన మనిషిని దిల్‌సుఖ్‌నగర్‌లో జనార్ధన్ ప్లాట్ల ఆఫీసులో గొళ్ళెం పెట్టి ఉంచారు.”