ఒక్క నొక్కుకి ఒక్క అక్షరం

పక్షవాతంతో మాట పడిపోయిన తండ్రి ముందుగదిలో పాత కంప్యూటరు ముందు కూర్చున్నాడు. వంటగదిలో అక్కా తమ్ముడూ మాట్లాడుకుంటున్నారు.

“నువ్వు సరదాకి రాసుకున్న ఆపరేటింగ్ సిస్టమ్ నాన్నకెందుకురా? అందరూ వాడేదే పెట్టొచ్చుగా?”

“ఆ డొక్కు మీద ఇంకేదీ నడవదక్కా. పైగా ఇదైతే లోపల ఏది కావాలన్నా మార్చుకోగలను.”

“ఇప్పుడేం మార్చావు?”

“మెమరీ తీసుకుని తిరిగి వదిలేది కాదు, అది నిండిపోయి మధ్యలో బిగుసుకుపోయేది. సరిచేశాను. ఆఫ్ చేస్తే ఇప్పుడు నిజంగానే ఆగుతోంది. పొద్దున కీబోర్డు సంగతి చూశాను.”

“కీబోర్డుకేమైంది? నిన్నంతా నాన్న వరసగా ‘న’లే కొట్టారు. బుర్ర కూడా దెబ్బతిందని డాక్టరుగారికి చెప్పేశాను కూడా.”

“బుర్రకేం కాలేదక్కా. నొక్కిన వేలు పైకి లేపడానికి ఆయనకి చాలాసేపు పడుతోంది. అంతసేపూ అదే అక్షరం పడుతూ ఉండేది. ఇప్పుడు ఎంతసేపు నొక్కిపట్టినా ఒక్కటే పడుతుంది.”

“మరి ఏమైనా రాశారా?”

“రాశారు.”

“ఏమని? నాన్చకుండా చెప్పరా.”

“‘నాకు చెవుడు రాలేదు. మీ అక్కని అరవొద్దని చెప్పు’ అని.”

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత గొంతు బాగా తగ్గించి అడిగింది.

“ఇంకా ఏమన్నారు?”

“ఇంకా కొడుతూనే ఉన్నారు. పద, చూద్దాం.”