అయస్కాంతం బరువు

హలో… ఆ, నేనే, సుజాతా. మీ అక్కను. ప్రత్యూష ఫోనే గానీ ఎత్తింది నేను. జర ఓర్సుకో.

…ఏడ్సుకుంట మెసేజ్ పెట్టిందా? పెడ్తది. దానికి జ్వరమొచ్చినా ముందు మిర్యాలగూడలున్న చిన్నమ్మకే తెలుస్తది. సూర్యాపేటల పక్కన పండుకున్న నాకు, కన్నతల్లికి, ఆనక.

…అవును, పిన్ను నిలబడ్తలేదు. నువ్వు వీడియో కాల్‌ల చేయించిన మోడలే. పైన అయస్కాంతం బిళ్ళ, కింద దారం కట్టిన పిన్ను, నడుమ ఖాళీ. పొద్దుగాల దాక గాలిలనే నిక్కి నిలబడ్డది, భూమంత భూమి కిందికి గుంజుతున్నా లెక్కచెయ్యలే. ఇప్పుడేమో అలిగి పండుకున్నది.

…లే, దారం తెగలే. పొడుగు గూడ అంతే ఉంది.

…రేపు పదింటికి సైన్స్ ఫెయిర్, జిల్లా బడులన్నీ వస్తయి. ఇదేమో పోనంటున్నది. చిన్నమ్మ తప్పు చెప్పిందట… ఆ, నిన్నే. తొమ్మిదో తరగతికొచ్చినంక మొదటిసారి అన్నది ఆ మాట… నేనేం సంబురపడ్తలే. జర నవ్వొచ్చింది, అంతే.

…బిళ్ళనా? మంచిదే. మీ బావ కోదాడల కొన్నడు. నాలుగు రోజుల సంది ఇంట్ల సూదులన్నీ దానికే అంటుకొని ఉన్నయి… కింద పడలే… నీళ్ళల్ల పడలే…

…వేడా?

…

ఎట్ల కనిపెట్టినవే… ఆ, ఫిజిక్స్ టీచరువు గద. నేనూ బీఎస్సీనే, యాది ఉందా? నీకంటే తొమ్మిది మార్కులు ఎక్కువ. ఆనక నువ్వు ఎమ్మెస్సీకి పోయినవ్, నేను వంటింట్లకు పోయిన.

…పెనం మీద పెట్టిన. దోసె పెనం… కావాలనే. మొదాలు పెనాన్నే కరుసుకున్నది, పట్కారుతో గుంజినా రాలే. పావుగంట పెద్ద మంట పెడితే దానంతటదే వదిలింది.

…ఎందుకంటే… నిన్న అది నన్నడిగింది. అమ్మా, అయస్కాంతానికి ఆ గుంజే గుణం పోతే బరువు తగ్గుతదా అని. తగ్గదు బిడ్డా, భూమి గుంజుడు వేరు, అయస్కాంతం గుంజుడు వేరు అన్న. అంతా ఇని, సరే, చిన్నమ్మను అడిగి రాస్త అన్నది… నువ్వేం చెప్పినవ్?… అదే గద. నేను చెప్పిందే. నీ నోట్లకెల్లి వచ్చినంక చార్టు మీదికెక్కింది.

…అవు. కోపం నీ మీద. తీర్సుకున్నది బిళ్ళ మీద.

…ఊకెనే కాల్చలే. ముందు సందు చివర బంగారం పనిచేసే అవుసులాయన కాడ తూకం ఏయించిన. కాల్చి, సల్లారినంక మల్ల పోయిన. ఏం కరిగిస్తున్నవమ్మా అని ఎగాదిగా సూసిండు… ఆ, చూడు మరి. మొదాలు పన్నెండు గ్రాముల నలభై మిల్లీ, ఆనక గూడ అంతే. అంత గుణం పోయింది, ఇసుమంత బరువు పోలే. చీటీ మీద రాయించుకొని, బిళ్ళను మల్ల మోడల్‌కే పెట్టిన.

…చెప్పలే. ఎట్ల చెప్పాలె, నీ మోడల్‌ను మీ అమ్మనే చెడగొట్టింది అని చెప్పాలెనా… చెప్త. చెప్త గానీ… ఇది చెప్పినంక అది నన్ను మల్ల ఏదన్న అడుగుతదా, సుజాతా?

…

ఆగు. ఎప్పట్నుంచి నిలబడ్డవ్ బిడ్డా ఆడ?

…అంతా ఇన్నదట… లే, ఏడుస్తలే. నా మొహం దిక్కు సూస్తలేదు… ఏంది బిడ్డా?… ఆ, రెండుసార్లు తూకం ఏయించిన. ముందొకసారి, ఎనకొకసారి… నిజంగనే, రెండుసార్లు గూడ అంతే బరువు. చీటీ అల్మారల ఉంది, పోపుల డబ్బా కింద.

…సుజాతా, ఉన్నవా?… చీటీ తెచ్చుకున్నది. చార్టు మీద రాయబోతున్నది… పెన్ను మూత తీసి, పట్టుకోమని నా చేతుల పెట్టింది.

…

కొత్త బిళ్ళ నువ్వే తేవాలె. మీ ల్యాబుల ఉంటది గద… కాల్చింది, కాల్చంది పక్కపక్కన పెడ్తదట. తొలి బస్సెక్కు… ఆ, రా. గేటు కాడ ఇచ్చి పో.

…స్టాలు కాడ దాని పక్కన ఇంకొక్కళ్ళకే జాగ ఉందట, నేనుంట… ప్రత్యూషనే అన్నది… ఫోను దానికెందుకు, రాసుకుంటున్నది…

…

సరే. ఆ మాట అన్నది నేనే, అది కాదు. పెట్టేస్తున్న.