పదమూడో పాటలో దగ్గు

పాట పాడినవాళ్లదా, టేపులో పట్టి ఉంచినవాళ్లదా? ఈ ప్రశ్న నన్ను ఇరవై ఏళ్లకు పైగా వదల్లేదు. "ముందు పేరు చెప్పండమ్మా," అని ఎస్ఐ చంద్రమౌళి గారు అన్నారు కాబట్టి చెబుతున్నాను.

నా పేరు ఇష్రత్. వయసు 46. తండ్రి ఇసాక్, ఇప్పుడు లేరు. ఎం.ఏ. చరిత్ర చదివాను. అనకాపల్లి మెయిన్ రోడ్డులో నాన్న పెట్టిన పాటల దుకాణం నడుపుతున్నాను.

ఏటా ఏప్రిల్‌లో మా దుకాణం నుంచి 'వేసవి హిట్స్' వస్తుంది. ఒకప్పుడు క్యాసెట్, తర్వాత సీడీ, ఇప్పుడు పెన్‌డ్రైవ్. ఆ ఏడాది జనం నోట్లో నానుతున్న సినిమా పాటలు పన్నెండు. చివర పదమూడోది మాత్రం ఏ ఏడాదైనా ఒకటే. కె. కోటపాడులో బెల్లం వండే చోట పైడితల్లి అనే ఆమె పాడుకుంటుంటే 1998 మార్చిలో నాన్న టేప్ చేసిన పాట. అది లేకపోతే ఆటోవాళ్లు పెన్‌డ్రైవ్ వెనక్కి తెచ్చేస్తారు.

12-4-2025 శనివారం ఉదయం 11.20కి ఆడియో కంపెనీ ఏజెంటు ధనరాజ్ ఇద్దరు పోలీసులతో వచ్చాడు. కంప్యూటరు, పెన్‌డ్రైవ్‌లు తీసుకెళ్లారు. పదమూడు పాటలూ కంపెనీవేనని సంతకం పెడితే కేసు వదిలేస్తామన్నాడు. వాళ్లు ఈ మార్చిలో తెచ్చిన వేసవి ఆల్బమ్‌లో ఆఖరి పాట పైడితల్లిదే.

పన్నెండు పాటలకు నా దగ్గర అనుమతి లేదు. ఒప్పుకుంటున్నాను, కేసు పెట్టుకోండి. పదమూడోది ఒప్పుకోను.

వాళ్ల పాటలో రెండు నిమిషాల పది సెకన్ల దగ్గర ఒక దగ్గు ఉంది. అది మా నాన్నది. మా క్యాసెట్ నుంచే ఎత్తుకుని పైన తబలా కలిపారు గానీ దగ్గు పోలేదు. ధనరాజ్‌కి వినిపించాను.

"దగ్గు ఎవరిదైతే ఏటండీ, దగ్గు దగ్గే," అన్నాడు.

కాదు. పక్కగదిలో ఆ దగ్గు వింటూనే నేను డిగ్రీ పరీక్షలకు చదివాను. అది మా నాన్నది.

13వ తేదీ మధ్యాహ్నం 3 గంటలకు కోటపాడు వెళ్లి పైడితల్లికి ఫోన్‌లో ఆ పాట వినిపించాను.

"ఇసాకు బాబేనమ్మా! పాడతన్నంతసేపూ దగ్గేడు. బీడీ ఆర్పు బాబూ అన్నాను, ఇన్నాడా!"

ఇన్నేళ్లూ అడగనిది అప్పుడు అడిగాను. క్యాసెట్ మీద మీ పేరు వద్దన్నారా అని.

"అడిగితే కదేటమ్మా, వద్దనడానికి?"

"ఇకనుంచి వేస్తాను."

"ఇప్పుడా? పళ్లన్నీ ఊడిపోనాకా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ధనరాజ్ కాగితం మీద సంతకం పెట్టను. రేపు అడిగినా పెట్టను. కంప్యూటరు ఈ స్టేషన్‌లోనే ఉండనివ్వండి.

ఇదంతా ఎస్ఐ గారు చదివి వినిపించారు. ఒకచోట 'దొంగ పాటలు' అని ఉంటే కొట్టేయించాను. మిగతాది నేను చెప్పినట్టే ఉంది, చెప్పింది నిజం. దీనికి సంతకం అక్కర్లేదన్నారు. అయినా పెడుతున్నాను. కంపెనీ చేసినదీ నాన్న చేసినదీ ఒకటేనా అన్నది మాత్రం నేనింకా తేల్చుకోలేదు.

(సం.) ఇష్రత్
14-4-2025