కాలవ కట్టే మైకులో చెప్పిన రోడ్డు

చెప్పలేదని నేనెక్కడన్నానండి? చెప్పేరు. మైకులోనే చెప్పేరు. దేని వెనకాల తగిలించి చెప్పేరో అది అడుగుతున్నాను నేను.

కూర్చోమంటారా? వద్దులెండి, నిలబడే మాట్లాడతాను. కూర్చుంటే నాకు కోపం తగ్గిపోద్ది.

నా పేరు సూర్యకుమారండి. కాలవగట్టు వీధిలో, మలుపు దగ్గర ఆకుపచ్చ గేటు ఇల్లు మాది. మొన్న మీ మున్సిపాలిటీ సర్వేయరు గారొచ్చి మా ప్రహరీ మీద ఎర్ర రంగుతో గీత గీసేరు. జనాభా లెక్కల గుర్తేమో అనుకుని మంచినీళ్ళు కూడా ఇచ్చేనండి. తాగేక చెప్పేడు. ఊరి కొత్త ప్లానులో ఎనభై అడుగుల రోడ్డు పడిందంట, మా వంటిల్లు దాకా పోద్దంట. ఇదెప్పుడు జరిగింది బాబూ, ఎవరికి చెప్పేరూ అంటే, మైకులో చెప్పించేం కదమ్మా, అభ్యంతరాలకిచ్చిన గడువు కూడా అయిపోయింది అన్నాడు.

మీరీ ఊరికి కొత్త. అందుకని చెబుతున్నాను, వినండి. ఏటా ఎండాకాలం మా డెల్టా అంతా కాలవలు కట్టేస్తారు, అంటే నీళ్ళొదలడం ఆపేస్తారు. కాలవ కట్టేస్తే చెరువుకి నీళ్ళు రావు, చెరువు అడుగంటితే కుళాయి రాదు. అందుకే కట్టేముందు ఎర్రయ్య ఆటోకి మైకు పెట్టి ఊరంతా తిప్పుతారు. ఆ ఆటో మా మలుపు తిరిగిందంటే ఆడవాళ్ళం పొయ్యి మీదున్నది దింపేసి, బిందెలూ డ్రమ్ములూ అటక మీది గుండిగలూ అన్నీ కుళాయి కిందకి లాగుతాం. వీధిలో మోటార్లన్నీ ఒక్కసారే వేస్తాం. ఆ చప్పుడులో పక్కన పిడుగు పడినా తెలీదండి.

ఈ ఏడు మీ ఆఫీసు వాళ్ళు చేసిన తెలివైన పని చూడండి మరి. ఎలాగూ మైకు తిరుగుతోంది కదా, మళ్ళీ వేరే ఎందుకని, ఆ ప్లాను కబురు కూడా నీళ్ళ కబురు తోకకి కట్టేసేరు. నీళ్ళు అన్నమాట చెవిన పడ్డాక ఎవరైనా ఆగి తోక వింటారా? మీ ఇంట్లో ఆవిడ వింటారా?

ఆయ్, వార్డు ఫోను గ్రూపులో కూడా పెట్టేరు. నిన్న మా అమ్మాయి తులసి వెతికి వెతికి చూపించింది. తెల్లారితే శుభోదయాలు, దేవుడి బొమ్మలు, సుభాష్ గారి పుట్టినరోజుకి వంద దండలు. మా వార్డు కౌన్సిలరు లెండి ఆయన. వాటి మధ్యలో మీ మ్యాపు. వేళ్ళతో లాగి పెద్దది చేస్తే అంతా మసక. మా వీధి ఉండాల్సిన చోట ఓ పసుప్పచ్చ గీత ఉంది. అందులో నా ఇల్లెక్కడుందో మీరైనా చూపించండి.

అభివృద్ధికి అడ్డం పడుతున్నానా? ఎంతమాటన్నారండి. రోడ్డు వద్దని నేనెందుకంటాను? అల్లవరం వైపు నుంచొచ్చే రొయ్యల లారీలన్నీ ఊరి మధ్యలోంచే పోతుంటే, పిల్లల్ని బడికి దాటించలేక చస్తున్నాం. కాలవకి అవతల గట్టు ఖాళీ. ఒక్క ఇల్లు లేదక్కడ. గడువులో తెలిసుంటే, అటు వెయ్యకూడదా అని అడిగేదాన్ని. కుదరదంటే ఎందుకు కుదరదో మీరు చెప్పేవారు. ఆ ముక్క మాట్లాడుకోడానికే కదండీ గడువు పెట్టింది?

పరిహారం వస్తుందంటారు. వస్తుంది, కాదనను.

ఆ ఇల్లు నేను కువైట్‌లో ఒకళ్ళింట్లో వంట చేసి కట్టించేనండి. తులసి పెద్దమనిషైందన్న కబురు నాకు ఫోనులో చెప్పేరు. పునాది వేసేరని ఫోటో పంపేరు. మా ఆయన పోతే వీడియోలో చూసేను. ఏడవడానికి కూడా ఆ ఇంటావిడ వంటయ్యేదాకా ఆగమంది. నా ఇంట్లో ఏం జరిగినా, అందరికీ తెలిసేక ఆఖర్న నాకు తెలిసేది. ఇంక అలా బతకకూడదనే తిరిగొచ్చేసేనండి. వచ్చేక ఒక్క పూట కూడా గడప దాటి ఎక్కడా నిద్ర చెయ్యలేదు. అయినా చూడండి, నా కుళాయి దగ్గర నేనుండగానే, నా గేటు ముందు నుంచే నా ఇంటి కబురు పోయింది. నాకు తెలీలేదు.

ఈ మాటే కడుపులో మండుతోంది నాకు. వంటిల్లు పోవడం కంటే ఎక్కువ మండుతోంది.

ఇప్పుడు అర్జీ ఇస్తే పైకి పంపుతారా? గడువు దాటేక వచ్చిందని పైన రాసే కదండీ పంపుతారు? తలూపుతున్నారంటే అంతేనన్నమాట. మీరు మంచివారే లెండి. ఫ్యాను నావైపు తిప్పేరు, ఇంతసేపు విన్నారు. ముందే ఎవరైనా ఇలా వినుంటే బాగుండేది.

వెళ్ళొస్తానండి. ఒక్కటే అడుగుతాను. పడగొట్టే రోజు మైకు తిప్పించకండి, గ్రూపులో పెట్టకండి. గేటు తట్టి, సూర్యకుమారి గారూ అని పేరు పెట్టి పిలిపించండి.

పునాది వేసిన రోజు లేనండి. ఈసారి నేను ఇంట్లోనే ఉంటాను.