ఖాళీ కాని పళ్ళెం

(వంటగది. మధ్యాహ్నం.)

"మెల్లిగా బావా, మెల్లిగా. అది సిమెంటు కాదు, మొక్కజొన్న."

"ఒరేయ్, బుద్ధెరిగినప్పట్నించీ మేస్త్రీపని చేస్తున్నా. కలపడం నాకు నేర్పకు. ఉండ కట్టకుండా కలపడమే నా బతుకు."

"చేతిలో ఏంటది? తాపీయా?"

"కొత్తదేలే. కడిగా."

"తాపీతో వంట!"

"గరిటెతో చదును చేస్తూ కూర్చుంటే ఇది తెల్లారినా తెమలదు. పళ్ళెమా ఇది? పడవ. మీ అమ్మ ఏ ఘడియలో దీన్ని నాకు అంటగట్టిందో గానీ..."

"అమ్మనేం అనకు. ఇవాళ ఆవిడ పుట్టినరోజు."

"ఆవిడకి పుట్టినరోజు, నాకు చావురోజు. ఆ గోడ చూడు. చూడరా, సిగ్గుపడకు. పళ్ళెం పట్టాలని ఇంత ఓవెన్ కొన్నా. ఓవెన్ పట్టాలని గోడ పగలగొట్టా. ఎవరి గోడ? నా చేతుల్తో నేను కట్టుకున్న గోడ! ఇప్పుడు ఓవెన్ మొహం వంటగదిలో ఉంది, వీపు పెరట్లో ఉంది. వీధిలో పిల్లులన్నీ దాని వీపు మీద వెచ్చగా కాపురాలు చేస్తున్నాయి."

"పోనీలే, వాటికైనా..."

"నవ్వకు. బయట తొట్టిలో ఇటుకలు చూశావా? పొద్దున్నే నానేశా. ఇవాళ పళ్ళెం నా గుమ్మం దాటాలి. దాటిన మరుక్షణం ఓవెన్ పీకేస్తా, ఆ కన్నం మూసేస్తా. ఇసుక కూడా జల్లించి పెట్టా."

"ఏవండీ!"

"అదిగో, పిలిచింది మీ అక్క. ఏంటే?"

"ఉల్లిపాయ మాడుతోంది."

"హాల్లో కూర్చున్నదానికి ఎలా తెలుస్తుందిరా ఇది? మాడట్లేదే! ఎర్రబడుతోంది!"

"ఎరుపు దాటి చాలాసేపైందండీ. ఇంకాస్త వెన్న వెయ్యండి. మీగడ పోసేముందు మంట తగ్గించండి, విరిగిపోతుంది."

"విన్నావా? కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని ఆర్డర్లు. వచ్చి నువ్వే తగలెయ్యొచ్చు కదే!"

"అమ్మ రూలు కదండీ. ఈ రోజు నేను వంటింటి గడప తొక్కకూడదు. ఏవండీ, కారం కలపకముందే నాలుగు గింజలు తీసి పక్కన పెట్టండి. ఉత్తవి."

"తీస్తున్నా, తీస్తున్నా. ఇదిగో, ఈ చిన్న గిన్నె దానికిచ్చి రా. ఏటా ఇదే వరస. నేను వండింది ముట్టదు మహాతల్లి. కారం పడదట. చిలకలా నాలుగు ఉత్త గింజలు కావాలి."

"ఇచ్చొచ్చా. అక్క కుర్చీలో మహారాణిలా ఉంది బావా."

"ఉండదూ మరి! మీ అమ్మ రాసిన చట్టం అలాంటిది. చివరి గింజ ఎవడు తింటే పళ్ళెం వాడిది. పళ్ళెం ఎవడిదైతే వచ్చే ఏడు పుట్టినరోజు వాడింట్లో. వంట ఆ ఇంటి మగాడిది, కుర్చీ వాడి పెళ్ళానిది. ఏ కోర్టులో ఉందిరా ఈ చట్టం?"

"అమ్మ కోర్టులో. మరి ఇన్నేళ్ళలో ఒక్కడూ ఆ చివరి గింజ తినలేదా? నాకు సెలవు దొరక్క ఈ మధ్య రాలేదు గానీ..."

"తింటారా! మొదట ఎగబడతారు. అబ్బ ఏం కారం, అబ్బ ఎంత కమ్మగా ఉంది, అని చెంచాలు చెంచాలు కొట్టుకుంటాయి. ఒక్క గింజ మిగిలిందో, అందరికీ ఒకేసారి కడుపు నిండిపోతుంది. పాముని చూసినట్టు చూస్తారు. నిరుడు మీ పెద్దబావ, ఆ కండక్టరు, ఏం చేశాడో తెలుసా? మిగిలిన గింజని చాకుతో రెండు చేసి, ఒక ముక్క తిన్నాడు."

"టికెట్టుకి చిల్లర ఇచ్చినట్టు!"

"నేను గొడవ చేశా. నువ్వు తిన్నావు, పళ్ళెం నీదే అన్నా. 'నేను తిన్నది మొదటి సగం, చివరి సగం అదిగో' అన్నాడు. మీ అమ్మ కళ్ళజోడు తుడుచుకుని పళ్ళెంలోకి వంగి చూసింది. సగం గింజ కూడా గింజే, ఖాళీ కాలేదు పొమ్మంది."

"న్యాయమే కదా."

"ఆ తల్లి కొడుకువే నువ్వూనూ! అంతకుముందు ఏడు జరిగింది విను. అది మరీ ఘోరం. కండక్టరు ఒళ్ళు మరిచిపోయి పళ్ళెం వేలితో తుడిచి నాకేశాడు. నా కళ్ళతో నేను చూశా. అద్దంలా ఉంది. నా మొహం కనిపించింది అందులో. అమ్మయ్య, నా శని వదిలింది అనుకున్నా. కానీ మీ అమ్మ తీర్పు కేకు కోశాకే కదా. కేకు తెచ్చారు, కొవ్వొత్తులు వెలిగించాలని లైటు తీసేశారు, పాట పాడారు. లైటు వేసేసరికి పళ్ళెం నడిమధ్యన గింజ."

"గింజా?"

"గింజ. బొద్దుగా, పచ్చగా, నన్ను చూసి నవ్వుతోంది."

"పళ్ళేనికి కానుపైందా బావా?"

"కండక్టరే పెట్టుంటాడు. బుగ్గలో దాచుకుని."

"ఛీ!"

"వాడు దేనికైనా తెగిస్తాడు. అందుకే ఈసారి చీకటి పడగానే నేను పళ్ళెం పక్కనే కాపలా. ఏ చెయ్యి వచ్చినా ఉడుంపట్టు పడతా. సరే, ముందు వాడి చేత తినిపించాలి కదా, దానికి నిన్ను పిలిచా. చెప్పుల షాపులో పని నీది. పాదం పట్టని చెప్పు కూడా అంటగడతావు. ఒక్క గింజ అంటగట్టలేవా?"

"సరుకుని బట్టి ఉంటుంది బావా. రుచి చూడనీ. ఊఁ... బావుంది... ఊఁ... హా! హా! నీళ్ళు!"

"ఎక్కువైందా కారం?"

"కాదు. ఇంకో చెంచా."

"నీళ్ళన్నావు?"

"నీళ్ళు తర్వాత. చెంచా ఇవ్వు. ఏం వేశావు ఇందులో?"

"వెన్నలో పచ్చిమిర్చి వేయించా. మీద ఎండుకారం, మిరియాల పొడి. అదంతా మీగడలో ముంచేశా. ఇప్పుడు పైన చీజ్ తురుము, దాని మీద రొట్టెపొడి. నోట్లో పెట్టినప్పుడు కమ్మగా ఉంటుంది. మింగాక మండుతుంది. మండిన నోటికి మళ్ళీ మీగడే కావాలి. చెయ్యి ఆగదు."

"అచ్చం మా అమ్మ మాటలా ఉంది."

"ఇప్పుడు అన్నావురా ఒక్క నిజం!"

"సరే, విను బావా. షాపులో మాకొక మాట ఉంది. 'లోపల ఇంకో జత ఉంది సార్' అంటాం. అది వింటే చాలు, చేతిలో ఉన్నదాని మీద భయం పోతుంది మనిషికి. నేనేమంటానంటే, ఓవెన్లో ఇంకో పళ్ళెం ఉందని. అప్పుడు ఇది చివరి గింజ కాదు కదా!"

"ఒరేయ్... నిన్ను అనవసరంగా చెప్పుల దగ్గర కూర్చోబెట్టారురా. రా, ఆ పక్క పట్టు. నడుముతో ఎత్తకు, మోకాళ్ళు వంచు. లోపలికి తొయ్యి... తొయ్యి... ఆ పిల్లి అరిచిందా?"

"వెనక గోడ అవతల. కదిలిందేమో."

"ఓవెన్ తలుపు వెయ్యి. అంచుల్లో బుడగలు రావాలి, పైన గోధుమరంగు తిరగాలి. ఇదే ఆఖరు దీనికి. తగలబడు తల్లీ, ఈ ఒక్కసారీ తగలబడు."

"ఏవండీ! ఓవెన్ మంట పెంచారా?"

"పెంచానే!"

"తగ్గించండి. పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది."

"ఇది వాసన కూడా కాదురా. ఈవిడకి గోడలోంచి కనపడుతుంది."

(హాలు. సాయంత్రం. భోజనాలు అయ్యాయి.)

"కానివ్వండి అన్నగారూ. ఆ అంచుకి అంటుకున్నది మీరే గోకెయ్యండి."

"వద్దు మేస్త్రీ. కడుపు నిండింది. అబ్బ, నోరు మండిపోతోంది. ఇంకాస్త మీగడ ఉంటే..."

"ఉందిగా అడుగున. అదిగో గింజ, దాని చుట్టూ మీగడ."

"ఒక్కటే గింజ ఉంది. నాకు తెలీదనుకున్నావా? బస్సులో కండక్టరుగా బతికినవాణ్ణి, మనిషి మొహం చూసి టికెట్టు ఉందో లేదో చెప్తా. నీ మొహంలో టికెట్టు లేదు."

"చివరిదని ఎవరన్నారు పెద్దబావా? ఇంకో పళ్ళెం ఓవెన్లో ఉంది."

"ఇంకోటా?"

"చీజ్ రెట్టింపు. ఇది ఖాళీ అయితే అది తేవడమే. నువ్వనేవాడివిగా బస్సు దగ్గర, 'తోసుకోకండి, వెనక ఇంకో బస్సు ఖాళీగా వస్తోంది' అని."

"అనేవాణ్ణి."

"అలాగే ఇదీ."

"ఆ బస్సు ఏనాడైనా వచ్చిందా? అది వేరే సంగతి... చీజ్ రెట్టింపంటావా?"

"నా మాట."

"ఏదీ, ఇలా తే."

"తిన్నాడు! తిన్నాడు! అందరూ చూశారుగా! వేలితో తుడిచి మరీ తిన్నాడు! అత్తగారూ, చూశారా?"

"ఒరేయ్ బావమరిదీ, ఆ రెండో పళ్ళెం తేరా."

"రెండో పళ్ళెం లేదు పెద్దబావా."

"లేదా! అత్తగారూ, ఇది మోసం! ఇది చెల్లదు! వచ్చే ఏడు నేను వండటమేంటి? నాకు పొయ్యి వెలిగించడం కూడా రాదు!"

"నేనేం నేర్చుకుని పుట్టానా అన్నగారూ? మీ వంటింటి గోడ పగలగొట్టడానికి మాత్రం నేనే వస్తా. కూలి వద్దు."

"ఇద్దరూ నోళ్ళు మూయండి. నా పుట్టినరోజు నాడు నా అల్లుళ్ళ అరుపులు నేను వినలేను. తీర్పు కేకు కోశాకే. అబ్బాయ్, లైటు తియ్యి."

"అలాగే అత్తగారూ, కేకు కోశాకే. నేను పళ్ళెం దగ్గరే ఉంటా. ఎక్కడికీ కదలను."

"తీస్తున్నానమ్మా. ఊఁ, అందరూ పాడండి! గట్టిగా!"

"దొరికాడు! దొంగ చెయ్యి దొరి..."

"ష్! అరవకండి. నేనే."

"...నువ్వా?"

"చెయ్యి వదలండి. పాట సగం అయిపోయింది."

"గుప్పిట్లో ఏంటే? గింజలా? నేనిచ్చిన గింజలే! నా పెళ్ళామే, నా ఇంట్లోనే..."

"మెల్లిగా మాట్లాడండి, అమ్మకి వినబడుతుంది."

"అంటే ఆ ఏడాది లేచొచ్చిన గింజ కూడా?"

"నాదే. నిరుడు అవసరం పడలేదు, బావగారే సగం వదిలారు."

"ఎందుకే? గోడ పోయిందే! పిల్లులు కాపురం పెట్టాయే!"

"ఏడాది పొడుగునా ఆ వంటగదిలో నేను, ఈ కుర్చీలో మీరు. నేను లోపల్నించి ఎంత పిలిచినా మీకు ఊఁ తప్ప ఇంకో మాట రాదు. ఈ ఒక్క రోజే మీరు లోపల, నేను కుర్చీలో. పిలిస్తే పలుకుతారు. తిడుతూనే, కానీ పలుకుతారు. పళ్ళెం పోతే ఈ రోజు కూడా పోతుందండీ. ఏవండీ?"

"ఊఁ."

"అదిగో. మళ్ళీ ఊఁ."

"పాట అయిపోయింది! లైటు వేస్తున్నా!"

"ఆగరా! ఒక్క క్షణం ఆగు!"

"ఏంటి బావా? చెయ్యి దొరికిందా? ఎవరిది?"

"ఎవరిదీ కాదు. ఆ... వెయ్యి. ఇప్పుడు వెయ్యి."

"ఏదీ ఆ పళ్ళెం, ఇలా తీసుకురా అల్లుడూ. నా కళ్ళజోడు ఏదే అమ్మాయ్?"

"కళ్ళజోడు అక్కర్లేదు అత్తగారూ. ఖాళీ కాలేదు. గింజ ఉంది."

"ఏం మాట్లాడుతున్నావు బావా? మన కళ్ళముందే పెద్దబావ నాకేశాడుగా!"

"ఉందన్నానుగా. ఒకటి కాదు, నాలుగు ఉన్నాయి. పళ్ళెం మాదే."

"బతికానురా దేవుడా! చూశారా, నేను తిన్నది చివరిది కాదని ముందే చెప్పా!"

"మరి బయట తొట్టిలో ఆ ఇటుకలు, బావా?"

"తీసి ఆరబెట్టు. వచ్చే ఏడు మళ్ళీ నానేస్తా."