అతికించిన గిటారు

చర్చిలో వాయించేకి పాత గిటారు కొందామని ఫెబా ఆళ్లగడ్డ నుంచి నంద్యాలలో తన గిటారు అమ్మకానికి పెట్టిన ఉమాశంకర్ ఇంటికొచ్చింది.

"పాతదానికి ఇంత రేటేందన్నా?"

"కొత్తవి ముట్టుకునేటట్టు లేవమ్మా. అందుకే పాతవీ పెరిగినాయి. ఉండు, దుడ్లు తీయొద్దు. ముందు ఫోన్ లైటు లోపలికి కొట్టి చూడు."

"అయ్యో, మెడ కాడ పగిలింటే జిగురుతో అతికించినారే!"

"నాకు అమ్మినోడు చెప్పలేదు. ఇంటికి తెచ్చుకున్నాక తెలిసింది."

"ఇట్ల చూపిస్తే ఎవరు కొంటారన్నా? అవసరమై అమ్ముతాండారు కదా?"

"అవసరమేలేమ్మా. అయినా నువ్వు వాయిస్తాంటే అది చేతిలో విరిగితే నాకేం బాగుంటాది?"

ఫెబా గిటారును మెల్లగా గోడకానించింది. ఇట్లాంటి మనిషిని ఆమె యాడా చూడలేదు.

"అన్నా, ఇంకో గిటారు చూసేకి పోతే మీరూ నాతో రావల్ల. మీరు బాగుందంటేనే కొంటా."